సెప్టెంబరులో ఏం పూస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

ఆ మధ్య ఓ ఆరు నెలలు అమెరికాలో, అయోవా రాష్ట్రంలో, మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాను. పొద్దున్నే నడకకి బయల్దేరితే రోడ్డుకి అటు మొక్కజొన్న, ఇటు సోయా. కనుచూపు మేర పచ్చదనమే. ఇంత పచ్చటి చోట తేనెటీగలకి తిండికేం కరువులే అనుకున్నాను. తీరా వింటే, కరువేనట.

ఒకప్పుడు అయోవాలో చాలాభాగం ప్రెయిరీ. అంటే మనిషెత్తు గడ్డి, ఆ గడ్డి మధ్యలో రకరకాల పూలమొక్కలు. నాగలి దిగాక ఆ ప్రెయిరీ వెయ్యి ఎకరాలకి ఒక ఎకరం కూడా మిగల్లేదు. తేనెటీగ మాత్రం అక్కడిది కాదు. 1622లో యూరప్ నుంచి ఓడెక్కి వర్జీనియాలో దిగింది. ఈగ పరాయిది, పువ్వు అక్కడిది. మరి ఈ రెండింటికీ ఎలా కుదిరింది?

అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఏమీ టాత్, ఆడమ్ డోలెజల్, వాళ్ళ బృందం కలిసి ఒక పని చేశారు. సోయా చేల పక్కన తేనెపెట్టెలు పెట్టి, వేసవంతా తూకం వేస్తూ వచ్చారు. వేసవి నడిమికి పెట్టెలు బాగా బరువెక్కాయి. సోయా పూత ఉంది, గట్ల మీద క్లోవర్ అనే చిన్న పూలమొక్క ఉంది. ఈగలకి పండగే. తర్వాత ఆగస్టు వచ్చింది. సోయా పూత రాలిపోయింది, క్లోవర్ తగ్గిపోయింది. చేను పచ్చగానే ఉంది, కానీ అందులో పువ్వు లేదు. పెట్టె బరువు తగ్గడం మొదలైంది. తూకం వేసిన ప్రతిసారీ ఇంకాస్త తగ్గింది. బయట ఏమీ దొరక్క, ఈగలు దాచుకున్న తేనెనే తినేస్తున్నాయి.

అప్పుడు కొన్ని పెట్టెల్ని తీసుకెళ్ళి, మళ్ళీ నాటి పెంచిన ప్రెయిరీ పక్కన పెట్టారు. అవి కోలుకున్నాయి. బరువు పెరిగింది, ఈగల ఒంట్లో కొవ్వు కూడా పెరిగింది. ఈ సంగతి 2019లో అచ్చయింది.

ఈగకి కొవ్వెందుకు అంటారా? వేసవిలో పుట్టిన ఈగ ఆరు వారాలు బతికితే గొప్ప. శరదృతువులో పుట్టింది అలా కాదు, మంచులో, మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా వసంతం దాకా బతకాలి. ఆ బలం దానికి పుప్పొడి నుంచే రావాలి. అందుకే ఏం పూస్తుంది అని అడిగితే చాలదు. ఎప్పుడు పూస్తుంది? సెప్టెంబరులో ఏం పూస్తుంది?

మా అమ్మాయి వాళ్ళింటి దగ్గర పార్కులో ఓ చిన్న ప్రెయిరీ మడి ఉంది. అక్కడ పార్ట్రిడ్జ్ పీ అనే మొక్కని చూడగానే పాత చుట్టం కనిపించినట్టయింది. అవును, మన తంగేడుకి అది చుట్టమే. అదే పసుపు, అలాంటి ఆకే. తమాషా ఏమిటంటే దాని పువ్వులో మకరందం ఉండదు. ఆకు కాడ మొదట్లో ఆవగింజంత గిన్నె ఉంటుంది, తీపి అందులో ఊరుతుంది. ఓ తేనెటీగ పువ్వు వంకైనా చూడకుండా కాడ మీద వాలి, ఆ గిన్నెని నాకుతుంటే ఎంతసేపు నిలబడిపోయానో!

ఇక సెప్టెంబరు సంగతి. సెప్టెంబరు అంటే గోల్డెన్‌రాడ్. పసుపు కుచ్చుల్లాంటి పూలు. ఒక్కో కుచ్చులో వందలకొద్దీ బుల్లి పూలు. ఈగ వాటి మీద ఎగరదు, నడుస్తుంది. నడిచి నడిచి వెనక కాళ్ళకి పసుపు ముద్దలు అంటించుకుని ఇంటికి పోతుంది.

అదే మొక్క మా అల్లుడి కంటపడింది. పెరటి కంచె పక్కన గుబురుగా పెరిగింది. "మామయ్యగారూ, నా తుమ్ములకి కారణం ఈ పసుప్పూలే, పీకేస్తాను" అంటూ బయల్దేరాడు. "ఆగండి బాబూ" అన్నాను. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. అది ఈగ కాలికి అంటుకుంటుందే గానీ, గాల్లో ఎగిరొచ్చి మన ముక్కులో దూరదు. తుమ్ములు తెప్పించేది రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క. అదీ అదే నెలలో పూస్తుంది, కానీ పూలు ఆకుపచ్చగా ఉండి కంటికి ఆనవు. మన వయ్యారిభామకి దగ్గరి బంధువని చెబితే మా అల్లుడికి వెంటనే అర్థమైంది. మీ పిల్లలెవరైనా అక్కడుంటే ఈ ఒక్క ముక్క చెప్పండి. పీకితే రాగ్‌వీడ్ పీకండి, గోల్డెన్‌రాడ్‌ని ఉంచండి.

ఓ సాయంత్రం పక్కవీధిలో తేనెటీగల్ని పెంచే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. పెట్టెల దగ్గర నిలబడితే ఉతకని మేజోళ్ళ కంపు. సిగ్గుపడి నా కాళ్ళకేసి చూసుకున్నాను. పెద్దాయన పడీపడీ నవ్వాడు. గోల్డెన్‌రాడ్ తేనె పెట్టెలో చిక్కబడేటప్పుడు అలాగే వాసనొస్తుందట. ఆ తేనె చెంచాతో రుచి చూపించాడు. అందులో ఆ వాసన లేనే లేదు.