రీఫ్ ట్యాంకులో నైట్రేట్ తగ్గించడానికి వినెగర్, వోడ్కా, నోపాక్స్: మూడూ వాడి చూశాను

నమస్కారం అండీ. ముందు టేబుల్ మీద ఉన్న ఈ మూడు సీసాలు చూడండి. ఇది వంటింట్లో వాడే తెల్ల వినెగర్. ఇది మామూలు వోడ్కా. ఇది రెడ్ సీ కంపెనీ వాళ్ల నోపాక్స్, నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించడానికే తయారుచేసి అమ్మే ద్రవం. ఈ మూడూ పగడాలూ చేపలూ పెంచే నా ఉప్పునీటి ట్యాంకులో పోసినవే. వోడ్కా కొన్నది చేపలకా, మీకా అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ట్యాంకు గురించి రెండు ముక్కలు. డల్లాస్‌లో మా ఇంట్లోనే ఉంది, సంపుతో (పరికరాలు పెట్టే అదనపు తొట్టితో) కలిపి 380 లీటర్లు. చేపల్లో క్లౌన్‌ఫిష్‌లు, ఒక ఎల్లో టాంగ్; పగడాల్లో కొన్ని యూఫిలియాలు, పైన ఎక్రోపోరాలు. చేపలు అడిగితే కాదనలేను, మేత ఎక్కువే వేస్తాను. ఆ మేతా, చేపల వ్యర్థాలూ కుళ్లి, పోయినేడు వేసవికి నైట్రేట్ 40 పీపీఎం (పది లక్షల పాళ్లలో 40), ఫాస్ఫేట్ 0.25కి చేరాయి. అద్దం మీద రెండు రోజులకోసారి నాచు గీకాలి, ఎక్రోపోరాలేమో మట్టిరంగుకు తిరిగాయి. వారం వారం నీళ్లు మార్చినా అంకె కదల్లేదు.

అప్పుడు మొదలుపెట్టిందే ఈ కార్బన్ డోసింగ్, అంటే బ్యాక్టీరియాకు కార్బన్ ఉన్న ఆహారం కొలిచి పోయడం. పేరు కొత్తగా ఉంది గానీ, గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువులు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. నేను పుట్టింది భీమవరం పక్కన. మా బాబాయి వనామీ రొయ్యల చెరువులో బెల్లం, తవుడు, ఈస్టు డ్రమ్ములో పులియబెట్టి చల్లేవాడు. మేతలో మాంసకృత్తులు ఎక్కువ, అందులోంచి అమ్మోనియా వస్తుంది. బ్యాక్టీరియా ఆ నైట్రోజన్‌ని తినేసి పెరగగలదు, కానీ దానికి కార్బన్ కూడా కావాలి. చెరువులో కొరత కార్బన్‌కే. బెల్లం ఆ కొరత తీరుస్తుంది. యోరాం అవ్నిమెలెక్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త 1999లో దీని మీద పేరున్న పరిశోధనా పత్రం రాశాడు. బాబాయికి ఆయన పేరు తెలియదు, బెల్లం దిమ్మ ఎప్పుడు నానబెట్టాలో తెలుసు.

నా ట్యాంకులో జరిగేదీ అదే. వోడ్కాలో ఉండే ఇథనాల్, వినెగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్, రెండూ బ్యాక్టీరియాకు కార్బన్ ఆహారం. అది తిని పెరిగేటప్పుడు నీళ్లలోని నైట్రేట్‌నీ ఫాస్ఫేట్‌నీ ఒంట్లోకి లాక్కుంటుంది. ఇక్కడే చెరువుకీ ట్యాంకుకీ తేడా వస్తుంది. చెరువులో ఆ బ్యాక్టీరియా ముద్దను రొయ్య తింటుంది. ట్యాంకులో దాన్ని బయటికి లాగాల్సింది ఈ ప్రొటీన్ స్కిమ్మర్, అంటే గాలి బుడగలతో నురగ చేసి మురికిని పైనున్న కప్పులోకి తోసే పరికరం. కొంత పగడాలూ స్పాంజీలూ తింటాయి, నిజమే. కానీ స్కిమ్మర్ లాగకపోతే ఆ బ్యాక్టీరియా చచ్చి, తిన్నదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. మీ దగ్గర మంచి స్కిమ్మర్ లేకపోతే ఈ మూడు సీసాల్లో ఏదీ కొనకండి.

ఇక వోడ్కా కథ. మొదట వాడింది దీన్నే, దెబ్బ తిన్నదీ దీంతోనే. తప్పు మాత్రం వోడ్కాది కాదు, నాదే. హాబీలో నడిచే పద్ధతి ఏంటంటే, 100 లీటర్లకు రోజుకు 0.1 మిల్లీలీటరుతో మొదలుపెట్టి, వారానికి కొంచెం కొంచెం పెంచాలి. నాకు మూడు వారాలైనా నైట్రేట్ 40 దగ్గరే కూర్చుంది. ఆత్రం ఆగలేదు, ఒక్కసారిగా డోసు రెట్టింపు చేశాను. అది చాలదన్నట్టు, ఒక రాత్రి మేత వేసేటప్పుడు స్కిమ్మర్ ఆపి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ట్యాంకు పాలు పోసినట్టు తెల్లగా ఉంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

చెరువు గట్టు మీద పెరిగినవాడికి ఆ దృశ్యం అర్థం కావడానికి ఒక్క క్షణం చాలు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలుతుంది చూశారా, అదే. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి ఆక్సిజన్ అంతా తాగేసింది. నీళ్లలోకి గాలి కలిపేది కూడా ఆ స్కిమ్మరే కదా, అది ఆగి ఉంది. వెంటనే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేశాను, స్కిమ్మర్ ఆన్ చేశాను, పంపు మూతిని నీటి పైభాగానికి తిప్పి అలలు పెంచాను, డోసింగ్ ఆపేశాను. రెండు రోజుల్లో నీళ్లు తేరుకున్నాయి. టాంగ్ బతికింది. ఒక గోబీ చేప మాత్రం పోయింది.

నెల్లాళ్లు ఏమీ పోయకుండా ఆగి, ఈసారి వినెగర్‌తో మొదలుపెట్టాను. ఇక్కడ దొరికే తెల్ల వినెగర్‌లో ఎసిటిక్ యాసిడ్ 5 శాతం. 40 శాతం ఆల్కహాల్ ఉన్న వోడ్కా ఒక మిల్లీలీటరు ఇచ్చే కార్బన్ కావాలంటే వినెగర్ దాదాపు ఎనిమిది మిల్లీలీటర్లు పోయాలి. చాలామంది దీన్ని లోపం అంటారు. నాకైతే ఇదే దీని సుగుణం. పలచగా ఉంటుంది కాబట్టి కొలతలో ఒక మిల్లీలీటరు అటూ ఇటూ అయినా కొంపలు మునగవు.

రోజుకు 3 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, వారానికి 4 చొప్పున పెంచాను. నాలుగో వారం దాకా ఏమీ లేదు. ఐదో వారం స్కిమ్మర్ కప్పులో నురగ చిక్కబడింది, రంగు ముదిరింది. నీటి పరీక్ష కిట్‌లో అంకె కన్నా ముందు కబురు చెప్పేది ఈ కప్పే. పదో వారానికి రోజుకు 39 మిల్లీలీటర్లు, నైట్రేట్ 8.

ఫాస్ఫేట్ మాత్రం 0.15 దగ్గర ఆగిపోయింది. దీని గురించి కొంచెం చెప్పాలి. రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అని వినే ఉంటారు: కార్బన్ 106, నైట్రోజన్ 16, ఫాస్ఫరస్ 1, పరమాణువుల లెక్కలో. సముద్రపు ప్లవకాలలో, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్లో కనిపించే నిష్పత్తి అది. టెస్ట్ కిట్ అంకెల్లోకి మారిస్తే నైట్రేట్ 10 పోతే ఫాస్ఫేట్ 1 పోవాలి. ఆ లెక్కన నా ఫాస్ఫేట్ ఎప్పుడో సున్నా అయ్యుండాలి. కాలేదంటే రెండు కారణాలు. నైట్రేట్‌లో కొంత రాళ్ల లోపల, ఆక్సిజన్ అందని చోట, నైట్రోజన్ వాయువుగా మారి గాల్లోకి పోతుంది. ఆ దారిలో ఫాస్ఫేట్ ఖర్చు కాదు. రెండోది, రాళ్లు ఏడాదిపాటు పట్టి ఉంచుకున్న ఫాస్ఫేట్‌ను, నీళ్లలో తగ్గేకొద్దీ బయటికి వదులుతాయి. అందుకే ఫాస్ఫేట్ కోసం విడిగా కొంచెం ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడాను. కార్బన్ ఒక్కటే రెండింటినీ సమానంగా దించుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకోటి, ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే, పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ల కొలత. నైట్రేట్ ఖర్చయ్యేకొద్దీ అది పెరుగుతుంది, 50 పీపీఎం నైట్రేట్‌కు దాదాపు 2.3 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలిచే యూనిట్). నాది 8 నుంచి 9 దాటింది. నేనేమీ పెంచలేదే అని కిట్‌ను అనుమానించాను. పోషకాలు తక్కువగా ఉన్న ట్యాంకులో ఆల్కలినిటీ ఎక్కువైతే ఎక్రోపోరా కొనలు కాలినట్టు తెల్లబడతాయి. రోజూ పోసే ఆల్కలినిటీ డోసు తగ్గించి ఇప్పుడు 8 లోపు ఉంచుతున్నాను.

వినెగర్‌తో చిరాకు ఒక్కటే. పోయగానే పీహెచ్ కాసేపు పడుతుంది. మొత్తం ఒకేసారి కాకుండా, లైట్లు వెలిగే వేళ డోసింగ్ పంపుతో విడతలుగా, సంపులో నీళ్లు బాగా తిరిగే చోట వేయండి. గొట్టం మూతి దగ్గర తెల్లటి జిగురు పడుతుంది, వారానికోసారి కడగాలి.

చివరికి నోపాక్స్. నైట్రేట్ దిగాక, రెండు నెలలు దీంతో నడిపాను. లేబుల్ మీద కొలత స్పష్టంగా ఉంది, లెక్కలు వేసుకునే పని లేదు. నైట్రేట్ 5కీ 8కీ మధ్యే నిలబడింది. స్కిమ్మర్ నురగలో తేడా లేదు, పగడాల రంగులో తేడా లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, కొలతంటే టెన్షన్ పడేవాళ్లకు పర్వాలేదు, కొనుక్కోండి. కానీ ఈ అర లీటరు సీసా డబ్బుతో వినెగర్ గ్యాలన్లే వస్తాయి. నేను మళ్లీ వినెగర్‌కే వచ్చేశాను. మార్కులంటారా, వినెగర్‌కు పదికి ఎనిమిది, నోపాక్స్‌కు ఏడు, వోడ్కాకు ఐదు. వోడ్కా బాగానే పనిచేస్తుంది, కానీ నాలాంటి ఆత్రగాడి చేతిలో పెట్టే వస్తువు కాదు.

నైట్రేట్ సున్నా చేయాలని మాత్రం చూడకండి. సున్నా అయితే పగడాలు పాలిపోతాయి. ఇసుక మీద బుడగలతో గోధుమరంగు జిగురు తీగలు సాగుతాయి, అవి డైనోలు, డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు. వాటితో పడే పాట్ల ముందు 40 నైట్రేట్ ఎంతో నయం. 5 దగ్గరకు రాగానే డోసు సగానికి తగ్గించి, వారం ఆగి చూడండి.

కామెంట్లలో తరచూ అడిగేవి రెండున్నాయి. పంచదార వేయొచ్చా అంటే, పనిచేస్తుంది గానీ నేను వేయను, చాలామందికి పగడాలు గోధుమరంగుకు తిరిగాయి. హార్డ్‌వేర్ షాపు స్పిరిట్ అసలు వద్దు, అందులో కలిపేవి విషాలు. ఇక ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకు: రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. ఎవరైనా అమ్ముతామంటే ముందు ఆ సంగతి చూసుకోండి. చేపలు మాత్రమే ఉన్న ఉప్పునీటి ట్యాంకుకైనా ఈ డోసింగ్ ఇలాగే పనిచేస్తుంది.

అదిగో, మాటల్లోనే కప్పు నిండిపోయింది. పొంగి సంపులో పడకముందే వెళ్లి కడగాలి. ఉంటానండీ.