చెక్క మీద కుడికాలు

శ్రోతలకు నమస్కారం.

స్కేటింగ్ అంటే మనలో చాలామందికి తట్టేది బూటు కింద చక్రాలు. హైదరాబాద్ ఇందిరా పార్కు రింకులో మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకుని గుండ్రంగా తిరిగే పిల్లలు, పక్కన వాటర్ బాటిళ్ళు పట్టుకుని కూర్చున్న అమ్మలు. నేను ఈరోజు చెప్పబోయేది అది కాదు. దీనికి బూటూ లేదు, బిగించుకునే పట్టీ లేదు. రెండు మూరలకు కాస్త తక్కువ పొడవు, జానెడు వెడల్పు ఉన్న చెక్క. మేపుల్ కర్రను పల్చటి పొరలుగా తీసి, ఏడు పొరలు అతికించి చేస్తారు. రెండు కొసలూ పైకి వంగి ఉంటాయి. పైన వడ్రంగులు వాడే గరుకు కాగితం లాంటిది అంటిస్తారు, కాలు జారకుండా. కింద నాలుగు చక్రాలు. అంతే. ఆ చెక్కకీ మన కాలికీ ఏ ముడీ ఉండదు. దాని మీద నిలబడాలి, కదలాలి, ఎగరాలి. దాన్నే స్కేట్‌బోర్డు అంటారు.

"బొమ్మ చూపించడానికి వీల్లేని రేడియోలో దాని గురించి ఏం చెబుతావు?" అని బయల్దేరేటప్పుడు మా ఆయన అడిగారు. నిజమే. కానీ ఈ ఆటలో రేడియోకి పనికొచ్చే చప్పుడు ఒకటుంది. స్కేట్‌బోర్డు వాళ్ళు ఎవరినైనా మెచ్చుకోవాలంటే చేతులతో చప్పట్లు కొట్టరు. బోర్డు నిలువుగా పట్టుకుని కొసతో నేల మీద కొడతారు. ఇదిగో, ఈ బల్ల మీద వేళ్ళతో కొడుతున్నాను. టక్, టక్, టక్. పదిమంది ఒకేసారి సిమెంటు మీద కొడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నేను ఆ చప్పుడు మొదటిసారి విన్నది బెంగళూరులో, బోర్లా పడి ఉండగా.

పోయిన చలికాలం మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. దాని కూతురికి పదకొండేళ్ళు. ఆదివారం పొద్దున ఏడింటికి అక్కడి స్కేట్ పార్కులో గంటన్నర సేపు ఆడవాళ్ళకే వదిలేస్తారు. మా చెల్లెలికి ఆఫీసు కాల్ ఉండటంతో పిల్లకు తోడుగా నన్ను పంపింది. నేనూ వాటర్ బాటిల్ పట్టుకుని ఓ పక్కన కూర్చుందామనే వెళ్ళాను. నీళ్ళు లేని పెద్ద ఈతకొలను అనుకోండి, మూలలన్నీ గిన్నెలా గుండ్రంగా తిప్పేసి ఉంటాయి. అందులో పదిహేనుమంది దాకా ఉన్నారు. పాలపళ్ళు ఊడుతున్న పిల్ల దగ్గర్నుంచి నా ఈడు బ్యాంకు ఉద్యోగిని వరకూ. ఊరికే కూర్చున్నది నేనొక్కదాన్నే. ఐదు నిమిషాలకల్లా ఓ బోర్డు దొర్లుకుంటూ నా చెప్పులకు తగిలింది. "ఆంటీ, మీరూ ఎక్కండి."

హెల్మెట్ ఇచ్చారు. లోపల ఇంకా తడిగా ఉంది, ఎవరి చెమటో. ముందు ఏ కాలు పెట్టాలో తేల్చాలన్నారు. వెనక నిలబడి వీపు మీద మెల్లిగా ఒక్క తోపు తోశారు. పడిపోకుండా ఏ కాలు ముందుకు వేస్తే బోర్డు మీద అదే ముందు కాలట. నాకు కుడికాలు పడింది. "అయితే మీరు గూఫీ ఆంటీ!" అని నవ్వారు. ఎడమకాలు ముందు పెట్టేవాళ్ళు రెగ్యులర్, కుడికాలు పెట్టేవాళ్ళు గూఫీ. అంటే కాస్త తిక్క అని. తప్పేమీ కాదట, పేరు మాత్రం అది. కొత్త కోడల్ని కుడికాలు ముందు పెట్టి రమ్మనే ఇళ్ళలో పెరిగినదాన్ని, నాకిది వింతగానే అనిపించింది.

మా పిల్ల నా రెండు చేతులూ పట్టుకుంది. "మోకాళ్ళు వంచు పెద్దమ్మా. కాళ్ళను కాదు, నన్ను చూడు." నిలబడ్డాను. చెయ్యి వదిలేసింది. నాలుగైదు అడుగుల దూరం నిజంగానే వెళ్ళాను. తర్వాత శనగగింజంత రాయి చక్రానికి అడ్డం వచ్చింది. బోర్డు ఆగింది, నేను ఆగలేదు.

అరచేతులు భగ్గున మండాయి, మోచెయ్యి చెక్కుకుపోయింది. నలభై దాటిన ఆడది నలుగురిలో బోర్లా పడితే మనకు తెలిసిన చప్పుళ్ళు రెండే: ఒకటి కిసుక్కున నవ్వు, రెండోది "అయ్యయ్యో, చూసుకోవద్దూ" అనడం. నేను ఆ రెండింటికీ సిద్ధపడి తల ఎత్తకుండా ఉన్నాను. అప్పుడు వినపడింది, టక్ టక్ టక్ అని. తలెత్తి చూస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగి బోర్డులు నేలకు కొడుతున్నారు. ఎందుకని తర్వాత అడిగాను. "చెయ్యి వదిలేసినా వెళ్ళారు కదా ఆంటీ," అంది ఒకమ్మాయి. నాలుగడుగులకు మెచ్చుకున్నారన్నమాట, పడినందుకు కాదు.

ఆ సాయంత్రం ఊరి నుంచి మా అమ్మ ఫోన్. చెల్లెలు చెప్పేసింది. "ఈ వయసులో నీకిదేం పోయేకాలమే? సరే, నీ సంగతి వదిలెయ్. ఆ పిల్లనైనా మాన్పించండి. మొహం మీద మచ్చ పడితే రేపు ఎవరు బాధ్యులు?"

అమ్మ మీద కోపం రాలేదు. మా చిన్నప్పుడు ఇంట్లో సైకిల్ ఒకటే. నేను తొక్కడం నేర్చుకుంటూ కాలవగట్టు మీద ఒకసారి పడ్డాను. ఒక్కసారే. మర్నాటి నుంచి సైకిల్ అన్నయ్యది. అన్నయ్య ఎన్నిసార్లు పడ్డాడో లెక్కలేదు. జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న కథ ఇప్పటికీ పండక్కి ఒకసారి చెబుతాడు, అందరం నవ్వుతాం. పడే హక్కు వాడికి ఉండేది.

సైకిలంటే కాబూల్ గుర్తొస్తుంది. 2007లో ఒలివర్ పెర్కోవిచ్ అనే ఆస్ట్రేలియా అతను స్కేట్‌బోర్డులు పట్టుకుని కాబూల్ వెళ్ళాడు. మెక్రోయాన్ అనే చోట సోవియట్ల కాలం నాటి ఫౌంటెన్ ఒకటి నీళ్ళు లేక ఎండిపోయి ఉంది. అందులో స్కేట్‌బోర్డు ఆడుతుంటే వీధి పిల్లలు మూగారు, ఆడపిల్లలు కూడా. ఆడపిల్ల సైకిల్ ఎక్కితే తప్పు పట్టే ఊరది. స్కేట్‌బోర్డును మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు. కారణం చాలా సింపుల్, అంతకుముందు ఎవరూ దాన్ని చూడలేదు. వద్దు అనాలన్నా ముందు ఆ వస్తువు పేరు తెలియాలి కదా! అయినా పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లలు బయట ఆడటానికి వీల్లేదు. అందుకని 2009లో స్కేటిస్తాన్ అన్న పేరుతో నాలుగు గోడల మధ్య బడి కట్టారు. ఆడపిల్లలకు వేరే రోజులు, నేర్పడానికి ఆడ టీచర్లు. ఓ పక్క ర్యాంపులు, ఇంకో పక్క తరగతి గది. ఆ పిల్లల మీద తీసిన లఘుచిత్రానికి 2020లో ఆస్కార్ వచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో సినిమా అవార్డులిచ్చే బాఫ్టా వాళ్ళ లఘుచిత్రాల పోటీలో చివరి వరకూ నిలిచిన ఐదింటిలో అదొకటి. ఇంకొకటి మన పక్కనే మహాబలిపురంలో స్కేట్‌బోర్డు ఆడే కమలి అనే చిన్నపిల్ల కథ. 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగొచ్చారు. ఆడపిల్లల హైస్కూళ్ళు మూతపడ్డాయి, స్కేట్‌బోర్డు క్లాసులూ వాటితోపాటే.

ఈ ఆట మగపిల్లల కోసం పుట్టిందని అనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియాలో ఇది మొదలైన తొలి రోజుల్లోనే ఆడపిల్లలున్నారు. 1965 మేలో లైఫ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది ప్యాటీ మెక్‌గీని. పంతొమ్మిదేళ్ళ పిల్ల, దొర్లుతున్న బోర్డు మీద చేతులానించి తలకిందులుగా నిలబడింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ ఫొటో ఫొటోగానే ఉండిపోయింది. మన దేశంలో అయితే, బెంగళూరు అతిత వర్గీస్ బోర్డెక్కేనాటికి చుట్టూ అంతా అబ్బాయిలే. ఆమె గర్ల్ స్కేట్ ఇండియా పెట్టి ఊరూరా అమ్మాయిల్ని పోగుచేసింది. మా పిల్ల లాంటివాళ్ళకు ఆదివారం గంటన్నర దొరుకుతోందంటే అలాంటివాళ్ళు ముందు నడవబట్టే.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ మధ్యప్రదేశ్‌ది. పన్నా జిల్లా, వజ్రాల గనులూ పులుల అడవీ ఉన్న చోటు. అక్కడ జన్వార్ అని చిన్న పల్లె. 2015లో ఉల్రికె రైన్‌హార్డ్ అనే జర్మన్ ఆవిడ పొలాల మధ్య సిమెంటుతో స్కేట్ పార్కు కట్టించింది. నేర్పడానికి మాస్టారు లేడు, పిల్లలే ఒకళ్ళను చూసి ఒకళ్ళు నేర్చుకున్నారు. చాలామంది వట్టి కాళ్ళతోనే. నియమాలు రెండే. బడికి వెళ్ళకపోతే బోర్డు లేదు. రెండోది, ఆడపిల్లలు ముందు. అంటే, బోర్డులు తక్కువగా ఉండి ఓ అబ్బాయి ఆడుకుంటున్నాడనుకోండి, ఓ ఆడపిల్ల వచ్చి చెయ్యి చాపితే ఇచ్చెయ్యాలి. "ఇంకో రౌండ్ వేసి ఇస్తా" అనకూడదు. ఆ పల్లెలో ఆదివాసులూ యాదవులూ ఒకచోట కూర్చునే అలవాటు లేదు. బోర్డు ఒకటే అయ్యేసరికి పిల్లలకు తప్పింది కాదు. అక్కడి గోండు పిల్ల ఆశా గోండ్. ఆడపిల్లకు ఈ వేషాలేమిటని ఊళ్ళో అన్నవాళ్ళు అన్నారు. 2018లో ఆమె చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ పోటీలకు మన దేశం తరఫున వెళ్ళింది. ఏ స్థానం వచ్చిందన్నది నాకు ముఖ్యం కాదు. ఆ రెండో నియమం గురించే నేను ఎక్కువసార్లు ఆలోచించాను. మా ఇంట్లో ఆ సైకిల్‌కి అలాంటి రూలొకటి ఉండి ఉంటే!

బొలీవియాలో కొచబంబ అనే ఊరి అమ్మాయిలు ఇంకో దారి పట్టారు. వాళ్ళ అమ్మమ్మలు కట్టుకునే కుచ్చుల లంగా ఒకటుంది, పొయెరా అంటారు. పల్లెటూరివాళ్ళని, ఆదివాసులని ఆ లంగాను చూసే చిన్నచూపు చూసేవారు. 2019 నుంచి ఇమిల్యాస్కేట్ అనే జట్టు అమ్మాయిలు అదే లంగా కట్టి, రెండు జడలేసుకుని స్కేట్‌బోర్డు ఆడుతున్నారు. గాల్లోకి లేచినప్పుడు ఆ లంగా గొడుగులా విచ్చుకుంటుంది. మా అమ్మ ఆ వీడియో చూసి "పరికిణీతో పడిపోరూ?" అంది. పడతారు.

ఇక టోక్యో. స్కేట్‌బోర్డు ఒలింపిక్స్‌కి వచ్చింది అక్కడే, 2021లో. మెట్ల మీదా రెయిలింగుల మీదా ఆడే మహిళల స్ట్రీట్ పోటీలో బంగారు పతకం గెలిచిన మొమిజి నిషియాకి పదమూడేళ్ళు, వెండి పతకం గెలిచిన బ్రెజిల్ పిల్ల రైసా లియాల్‌కీ పదమూడే. కానీ నేను చెప్పదలుచుకున్నది గెలిచినవాళ్ళ గురించి కాదు. ఆగస్టు 4న పార్కు విభాగం, అంటే గిన్నెలాంటి గుంటలో ఆడే పోటీ, ఫైనల్. కోవిడ్ వల్ల ప్రేక్షకుల్లేరు. జపాన్ అమ్మాయి మిసుగు ఒకమోటో, పదిహేనేళ్ళు, గెలుస్తుందని అందరూ అనుకున్నది ఆమే. పతకం దక్కించుకోవడానికి చివరి అవకాశం. జాగ్రత్తగా ఆడితే కంచు వచ్చేదేమో, ఆమె బంగారానికే వెళ్ళింది. చివర్లో పడిపోయింది. నాలుగో స్థానం. ఏడుస్తూ పైకొచ్చింది. అప్పుడు ఆమెతో పోటీపడిన అమ్మాయిలే, ఆస్ట్రేలియా, అమెరికా వాళ్ళు, చుట్టూ చేరి ఆమెను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పతకం గెలిచినవాళ్ళను ఊరేగించినట్టు. ఏడుస్తున్నదల్లా నవ్వింది. నేను దాన్ని టీవీలో చూసినప్పుడు ఏదో ముచ్చటగా ఉందనుకున్నాను. బెంగళూరులో బోర్లా పడ్డాక గానీ నాకు అర్థం కాలేదు. అక్కడున్న ప్రతివాళ్ళూ వందలసార్లు పడ్డవాళ్ళే, ఆ సిమెంటు దెబ్బ ఎలా ఉంటుందో ఒంటికి తెలుసు.

ఇదంతా విని ఎవరైనా పిల్లకు బోర్డు కొందామనుకుంటే ఒక్క మాట. బొమ్మల షాపుల్లో దొరికే గట్టి ప్లాస్టిక్ చక్రాల బోర్డు కొనకండి. చిన్న రాయికే మొరాయిస్తుంది. హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వకండి. మన ఊళ్ళలో స్కేట్ పార్కులు తక్కువ. అపార్ట్‌మెంటు సెల్లార్లో నున్నటి నేల ఉంటుంది, కాకపోతే వాచ్‌మన్‌తో గొడవ.

మళ్ళీ ఆదివారం కూడా వెళ్ళాం. ఆరోజు మా పిల్ల మొదటిసారి పైఅంచు నుంచి గుంటలోకి దిగాలి. డ్రాప్ ఇన్ అంటారు. బోర్డు తోకను అంచు మీద వెనక్కాలితో తొక్కిపట్టి, ముందు చక్రాలు గాల్లో ఉండగా ముందుకాలు గట్టిగా మోపి, ఒంటిని ముందుకు వాల్చాలి. భయంతో వెనక్కి వాలితే బోర్డు ముందుకు జారిపోతుంది, మనం నడుం మీద పడతాం. అది ఆరుసార్లు నడుం మీద పడింది. నేను "ఇక చాలు, ఇంటికెళదాం" అని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. ఏడోసారి మోకాలు వణుకుతుండగానే ముందుకు వాలింది. అటు అంచుదాకా వెళ్ళింది. చుట్టూ బోర్డులు మోగాయి. నాది కూడా.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసింది పిల్లే. అమ్మమ్మకు అంతా వర్ణించి చెప్పింది. ఆరుసార్లు పడ్డ సంగతి దాచలేదు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఫోన్ నాకివ్వమంది.

"ఇంతకీ అది ఏ కాలు ముందు పెట్టింది?"

"కుడికాలే అమ్మా. నాలాగే."

"సరేలే మరి," అంది.