నాలుగు యూరోల నిలువు చోటు

సభాధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, వేదిక మీది పెద్దలకు, తెర వెనక తంబూరా శ్రుతి చేసుకుంటున్న విద్వాంసులకు, ఎదుట కూర్చున్న అమ్మలకు, అయ్యలకు, గుమ్మం దగ్గర నిలబడిన పిల్లలకు నమస్కారం.

పరిచయం చేసినవారు నన్ను విశ్వయాత్రికుడు అన్నారు. నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు బుకింగ్ గుమాస్తాని. లోకంలో ఉన్న ఊళ్ళన్నిటికీ టికెట్లు ఇచ్చాను, నేను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. రిటైరయ్యాక ఒకే ఒక్కసారి, 2016 జూన్‌లో, మా వీధి స్నేహితులు ఇద్దరితో కలిసి ఇరవై నాలుగు రోజులు ఐరోపాలో తిరిగి వచ్చాను. ఒకాయన తపాలా శాఖలో పనిచేస్తూ సాయంత్రాలు మృదంగం వాయించేవాడు. రెండో ఆయన లెక్కల మాస్టారు. శాకాహారి, పైగా చక్కెర వ్యాధి. ఆయన అదిగో, అయిదో వరసలో కూర్చుని నేను ఎక్కడ అబద్ధమాడతానా అని చూస్తున్నాడు. మృదంగం ఆయన వెళ్ళిపోయి రెండేళ్ళయింది.

ఇప్పుడే నాకు శాలువా కప్పారు. సంతోషం. మా ఇంటి అలమరలో ఇలాంటివి తొమ్మిది ఉన్నాయి. ఇదే సభలో మా మృదంగం ఆయనకు కప్పిన శాలువా ఒకటి మాత్రం వియన్నాలో ఉంది. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పాలనే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను. కార్యదర్శిగారు సంగీతం, భోజనం, స్నేహం, మూడూ పదిహేను నిమిషాల్లో చెప్పమన్నారు. చూద్దాం.

ముందు పోర్చుగల్ రాజధాని లిస్బన్. మేము దిగింది జూన్ రెండో వారం. పదమూడో తేదీ సెయింట్ ఆంటోనీ పండుగ. అల్ఫామా అని పాత పేట ఉంది, మెట్లు, సందులు, ఆరేసిన బట్టలు. పండుగ రోజుల్లో ఏ సందు చూసినా బొగ్గుల మీద కవ్వళ్ళు, అదే సార్డీన్ చేపలు, కాలుతూ ఉంటాయి. పొగకు కళ్ళు మండుతాయి, వాసనకు నోరూరుతుంది. నేనూ మృదంగం ఆయనా తిన్నాం. మాస్టారు ముక్కుకు తువాలు అడ్డం పెట్టుకుని మెను కార్డు చదువుతూ ఒక్కసారిగా అరిచాడు: "ఒరేయ్, ఇక్కడ అనాసపండు ఉంది, తెలుగులో రాశారు!" కార్డు మీద ‘అనానాస్’ అని ఉంది. మన అనాస వాళ్ళ ఓడల్లోనే వచ్చింది, పేరుతో సహా. ఆయన ముక్కుకు పెట్టుకున్న తువాలూ వాళ్ళ మాటే, మన బాల్చీ కూడా వాళ్ళ మాటే. ఆ రాత్రి మాస్టారి భోజనం అనాస ముక్కలు, రొట్టె, చక్కెర మాత్ర.

మర్నాడు ఒక చిన్న తిండిశాలకు వెళ్ళాం. ఏడెనిమిది బల్లలు. అక్కడ ఫాదు పాడతారు, అది పోర్చుగీసువాళ్ళ విషాదపు పాట. 2011లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆమాలియా రోద్రిగేజ్ అనే గాయని 1999లో చనిపోతే ఆ దేశం మూడు రోజులు సంతాపం పాటించింది. ఒక్క పాటగత్తె కోసం, మూడు రోజులు! సరే. పన్నెండు తీగల పోర్చుగీసు గిటారు ఒకటి, మామూలు గిటారు ఒకటి. మైకు లేదు. మేము కాల్దు వెర్ద్ అనే సూపు తాగుతున్నాం. బంగాళాదుంప ఉడికించి మెదిపి, అందులో ఆకుకూరను దారాల్లా సన్నగా తరిగి వేస్తారు. పైన ఒక మాంసం ముక్క వేయడం అలవాటు, మాస్టారి కోసం అది తీయించాం. అంతలో దీపాలు తగ్గించారు. వడ్డించే కుర్రవాడు చేతిలో పళ్ళెంతో ఉన్నచోటే నిలబడిపోయాడు. ఎవరో "సిలెన్సియు" అన్నారు. వంటింట్లోంచి ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని పాట అందుకుంది. అంతకుముందు మా సూపు కాచింది ఆవిడే.

సరిగ్గా అప్పుడు నా జేబులో ఫోను మోగింది.

మోగింది భక్తిపాట. దానికి తోడు జేబులోంచి ఫోను వెంటనే రాదు. ఇంటి నుంచి అర్జెంటు కబురేమో అనుకున్నాను. వ్యక్తిగత రుణం కావాలా సార్ అని మన దేశం నుంచి ఎవరో. పాట ఆగింది. ఆవిడ నన్ను తిట్టలేదు. కళ్ళు తెరిచి, నేను ఫోను ఆపేదాకా ఆగి, మొదటి మాట నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నాకు అరవై ఏళ్ళు, ఆ ఒక్క నిమిషం బడిలో బెంచీ ఎక్కినట్టయింది. పాట అయ్యాక లిస్బన్‌లో చప్పట్లు కొడతారు. కోయింబ్రా అనే ఊళ్ళో మాత్రం ఫాదు బాగుంటే చప్పట్లకు బదులు గొంతు సవరించుకున్నట్టు దగ్గుతారట. ఆ లెక్కన మన సభలో ప్రతి కచేరీకీ నీరాజనాలే.

నవ్వకండి. ఇప్పుడు కూడా ఎవరిదో మోగుతోంది.

ఇక ఆస్ట్రియా రాజధాని వియన్నా. అక్కడి స్టేట్ ఒపెరా, అంటే పాటల నాటకాలు ఆడే శాల, 1869లో తెరిచారు. 1945 మార్చిలో బాంబులు పడి తగలబడింది. మళ్ళీ కట్టుకుని 1955 నవంబరులో బీథోవెన్ ఒపెరాతో తలుపులు తీశారు. మంచి సీటుకు రెండు వందల యూరోల పైన. మా ముగ్గురి మూడు రోజుల ఖర్చు అంతే. బయట బోర్డు చూసి, ఫొటో తీసుకుని తిరుగుముఖం పట్టాం. పక్క గుమ్మం దగ్గర వరస కనబడింది. వరస చూస్తే నా ప్రాణం ఊరుకోదు, కౌంటరు లోపలి నుంచే తప్ప బయటి నుంచి ఎన్నడూ చూడనివాడిని. వెళ్ళి అడిగాను. నిలబడి వినే టికెట్లట. ఆట మొదలవడానికి ఎనభై నిమిషాల ముందు అమ్మేవారు. అప్పట్లో నాలుగు యూరోలు, పై అంతస్తులో అయితే మూడు. ఇప్పుడు పెంచారు. అలాంటి చోట్లు ఆ భవనంలో నాలుగు వందలకు పైనే ఉన్నాయి.

ఆ నాలుగు యూరోల చోటు ఎక్కడ ఉందనుకున్నారు? మరుగుదొడ్డి పక్కనా? స్తంభం వెనకా? నట్టనడుమ, ఒకప్పుడు చక్రవర్తి కూర్చున్న గది కిందే, వేదికకు సూటిగా. శబ్దం అక్కడ వినిపించినంత బాగా ఇంకెక్కడా వినిపించదని పాత శ్రోతలు చెబుతారు. ఒక్కొక్కరికీ ఎదుట చిన్న తెర, దాని మీద పాట అర్థం ఇంగ్లీషులో వస్తుంది. ఆనుకోవడానికి కమ్మీ.

ఆ కమ్మీకి అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. లోపలికి వెళ్ళగానే నీ చోట కమ్మీకి మఫ్లరో కండువానో కట్టేయాలి. ఇక ఆ చోటు నీది. బయటికి వెళ్ళి భోంచేసి రావచ్చు. జూన్‌లో మా దగ్గర మఫ్లరు ఎక్కడిది? పక్కనున్న ఒక ముసలావిడ తన పట్టు రుమాలు కట్టుకుంటూ, మీరూ ఏదో ఒకటి కట్టండని సైగ చేసింది. మా మృదంగం ఆయన సంచీలోంచి శాలువా తీశాడు. విమానంలో చలి వేస్తుందని తెచ్చుకున్నది. ఎర్రది, జరీ అంచు, మూలన మన సభ పేరు. పరిచి కడితే ముగ్గురి చోట్లకూ సరిపోయింది.

అలా కట్టేసి ఆకలికి బయటికి వచ్చాం. ఒపెరా వెనక, ఆల్బెర్టీనా మ్యూజియం ఎదుట ఒక సాసేజి బండి ఉంది. మన మిరపకాయ బజ్జీల బండి ఎలాగో వియన్నాకు అది అలాగ. జున్ను ముక్కలు కూరిన సాసేజి కాల్చి, కోసి, పక్కన ఆవ ముద్ద, రొట్టె పెట్టి ఇస్తారు. మాస్టారు రొట్టె, ఊరవేసిన దోసకాయ తీసుకుని, జేబులోంచి మందుసీసా అంత సీసా తీశాడు. ఆవకాయ. బండివాడు ఆ సీసా వాసన చూసి తన ఆవ ముద్ద వైపు వేలు చూపించాడు. ఇద్దరి సరుకూ ఒకటేనని ఒప్పందం కుదిరింది. నాలుక మీద వేసుకున్నాక మాత్రం అతను రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. మా పక్కనే కోటు, టై కట్టుకుని వచ్చిన ఒక పెద్దమనిషి, ఒక టాక్సీ డ్రైవరు ఒకే గట్టు మీద కాగితం పళ్ళేలు పెట్టుకుని తింటున్నారు.

ముప్పావు గంట తర్వాత తిరిగి వెళితే శాలువా అలాగే ఉంది. చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు, మా మూడు అడుగుల చోటు ఎవరూ ముట్టుకోలేదు. నేను బుకింగ్ గుమాస్తాని. రిజర్వేషన్ ఉన్న బెర్తు మీద తువాలు వేసుకుని పడుకున్నవాళ్ళతో ముప్పై నాలుగేళ్ళు గొడవపడినవాడిని. అందుకే ఆ గుడ్డముక్క వంక అలా చూస్తూ ఉండిపోయాను. దాదాపు మూడు గంటలు నిలబడ్డాం. ఇటలీ స్వరకర్త వెర్డి ఒపెరా. మాస్టారి కాళ్ళు వాచాయి. మధ్యలో కూర్చుందామా అంటే తల అడ్డంగా ఊపాడు. ఆ ముసలావిడ నలభై ఏళ్ళుగా అక్కడే నిలబడి వింటోందట. చివరికి మృదంగం ఆయన శాలువా విప్పి ఆవిడ భుజాల మీద కప్పాడు. ఫొటో లేదు, జ్ఞాపిక లేదు, నాలుగు మంచి మాటలు చెప్పే వక్త లేడు. వేదిక కింద జరిగిన సన్మానం నేను చూసింది అదొక్కటే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. జర్మనీలోని లైప్‌చిగ్ గురించి రెండు ముక్కలే చెబుతాను. అక్కడ సెయింట్ థామస్ చర్చి ఉంది. స్వరకర్త బాఖ్ 1723 నుంచి 1750లో చనిపోయేదాకా అక్కడే సంగీతాచార్యుడు, సమాధి కూడా అందులోనే. 1212లో మొదలైన బాలుర బృందం ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం పాడుతుంది. అప్పట్లో రెండు యూరోలు పెట్టి కార్యక్రమం కాగితం కొంటే అదే టికెట్. ముందు వచ్చినవారు ముందు కూర్చుంటారు. ముందు వచ్చినవారు ముందు. ఈ మాట రాసుకోండి కార్యదర్శిగారూ.

నిశ్శబ్దం, నిశ్శబ్దం అని నేను చెబుతూ ఉంటే మాస్టారు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఐర్లండు సంగతి దాచానని. సరే, అదీ చెబుతాను. ఐర్లండుకు వేరే వీసా కావాలి, ఆ తిప్పలు ఇప్పుడు వద్దు. క్లేర్ జిల్లాలో డూలిన్ అని సముద్రపు ఒడ్డు పల్లె. రాత్రి పది దాకా వెలుతురు. పబ్బులో ఒక మూల బల్ల చుట్టూ వాయించేవాళ్ళు, ఫిడేలు, వేణువు, కాన్సర్టీనా, బోరాన్ అనే మేకతోలు వాద్యం. బోరాన్‌ను చూడగానే మృదంగం ఆయన "కంజిరకు పెద్దన్న రా" అన్నాడు. వేదిక లేదు. జనం మాట్లాడుకుంటూనే ఉంటారు, తాగుతూనే ఉంటారు, మేము కూరగాయల సూపులో సోడా రొట్టె ముంచుకుని తింటున్నాం. నా సిద్ధాంతం కుప్పకూలింది. అయితే ఎవరైనా ఒంటరిగా గొంతెత్తితే మాత్రం అందరూ ఆగిపోతారు. పాడినవాళ్ళు తర్వాత ఎవరు పాడాలో పిలవవచ్చు. ఒకాయన మా బల్ల వైపు చూపించాడు.

మాస్టారు లేచాడు. చిన్నప్పుడు అక్కయ్య పాఠం చెప్పించుకుంటుంటే విని నేర్చుకున్న ‘శక్తిసహిత గణపతిం’ పాడాడు. ముత్తుస్వామి దీక్షితులవారు పడమటి దేశాల వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నోట్టుస్వరాలు. దాదాపు నలభై ఉన్నాయి, అన్నీ శంకరాభరణ స్వరాల్లోనే. అక్కడివాళ్ళకు అదేమీ తెలియదు. రెండోసారి పల్లవి వచ్చేసరికి ఫిడేలు అందుకుంది, మూడోసారికి వేణువు. మృదంగం ఆయన ఆగలేక బల్ల మీద వాయించాడు. బోరాన్ వాయించే అమ్మాయి వాద్యం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముఖం అలా వెలగడం నేను మళ్ళీ చూడలేదు. ఈ వేదిక మీద కూడా చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పి ముగిస్తాను.

ఆయనకు శాలువా కప్పిన రోజున సన్మానం గంటా పది నిమిషాలు సాగింది. అందులో ఆయన గురించి మాట్లాడింది నాలుగు నిమిషాలు. కచేరీలో తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, దగ్గరికి వచ్చేసరికి కుదించమని చీటీ వచ్చింది. ముందు రెండు వరసల సోఫాలు అతిథులకు కేటాయించారు. వాళ్ళు ఆలస్యంగా వచ్చారు, ఫొటో అవగానే వెళ్ళారు. ఖాళీ సోఫాల ముందు ఆయన రెండు నిమిషాలు వాయించాడు. సంగీతం నేర్చుకునే పిల్లలు వరండాలో నిలబడి కిటికీలోంచి విన్నారు.

ఇవాళ కూడా ఆ సోఫాలు ఉన్నాయి. ఎనిమిది లెక్కపెట్టాను, ఇద్దరే కూర్చున్నారు. ఒకటి నా పేరున ఉంది. గుమ్మం దగ్గర వయొలిన్ పెట్టె పట్టుకుని నిలబడిన అమ్మాయీ, నిన్నే, ఇలా రా తల్లీ, ఇది నీ చోటు. మిగిలిన పిల్లలూ రండి, ఎవరూ ఏమీ అనరు. అధ్యక్షులవారు కూడా ఏమీ అనరు, నవ్వుతున్నారు చూడండి.

మాస్టారూ, లేవండి. మీ కాళ్ళు వాస్తాయని తెలుసు, అయినా లేవండి. ఈ శాలువాను నేను వెనక కిటికీ ఊచకు కడుతున్నాను. ఇద్దరికీ సరిపోతుంది, ఇంకొకరికి చోటు మిగులుతుంది. కచేరీ అయ్యేదాకా మనం అక్కడే నిలబడదాం. విద్వాంసులవారూ, ఇక మీదే ఆలస్యం.