రాట్‌క్లిఫ్‌లో ఆరిన చివరి కొలిమి: బ్రిటన్ బొగ్గు కేంద్రాలు ఎలా నడిచాయి, ఎందుకు ఆగాయి

[దృశ్యం: ట్రెంట్ నది పక్కన ఎనిమిది కూలింగ్ టవర్లు, వాటి మధ్య నుంచి పైకి లేచిన ఒకే ఒక్క చిమ్నీ]

2024 సెప్టెంబరు 30. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్, రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ బొగ్గు విద్యుత్ కేంద్రం. ఆ రోజు ఇక్కడ బాయిలర్ మంట ఆరింది, బ్రిటన్‌లో బొగ్గు కరెంటు అయిపోయింది. 1882లో లండన్ హోల్‌బోర్న్ వయాడక్ట్ దగ్గర ఎడిసన్ బొగ్గు విద్యుత్ కేంద్రం మొదలైంది. అప్పటి నుంచి లెక్కేస్తే 142 ఏళ్లు.

2012లో ఆ దేశపు కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. 2016 వచ్చేసరికి అది 9 శాతం. నాలుగేళ్లలో ఇంత పడిపోవడం అర్థం కావాలంటే ముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చూడాలి. ఎందుకంటే చట్టాలు, పన్నులు అన్నీ చివరికి ఆ యంత్రంలోని ఏదో ఒక భాగం మీదే పడ్డాయి.

[దృశ్యం: రైలు పట్టాల లూప్, అడుగు తెరుచుకునే హోపర్ వ్యాగన్లు]

రాట్‌క్లిఫ్‌లో నాలుగు యూనిట్లు. ఒక్కోటి 500 మెగావాట్లు. ఒక యూనిట్ ఫుల్ లోడ్ మీద నడిస్తే గంటకు సుమారు 200 టన్నుల బొగ్గు కావాలి. నాలుగూ నడిస్తే రోజుకు 19 వేల నుంచి 20 వేల టన్నులు. ఇంత సరుకును వ్యాగన్ తర్వాత వ్యాగన్ విడదీసి దింపుతూ కూర్చుంటే కుదరదు. అందుకే 1960ల్లో రైలు ఆగకుండా తిరిగే పద్ధతి తెచ్చారు. ఒక్కో వ్యాగన్‌లో 32 టన్నుల దాకా బొగ్గు. రైలు మనిషి నడక కంటే నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది, పట్టాల పక్కనున్న మీట తగిలి వ్యాగన్ అడుగు తలుపులు తెరుచుకుంటాయి, బొగ్గు కింది గోతిలో పడుతుంది. ఇంజిన్ విప్పక్కర్లేదు. లూప్ చుట్టి అదే రైలు మళ్లీ గనికి వెళ్లిపోతుంది.

అక్కరకు మించి వచ్చిన బొగ్గు యార్డులో కుప్ప పోస్తారు. ఇక్కడ చేయకూడని పని, వదులుగా పోసి వదిలేయడం. ముక్కల మధ్య గాలి ఆడితే బొగ్గు మెల్లగా ఆక్సీకరణం చెందుతుంది, లోపల వేడి పుడుతుంది, బయటికి పోయే దారి లేక పేరుకుని చివరికి కుప్ప తనంతట తానే రాజుకుంటుంది. అందుకే పలచటి పొరలుగా పరిచి, ఒక్కో పొరనీ బుల్డోజర్‌తో తొక్కించి బిగిస్తారు. పొగ కనిపిస్తే పైనుంచి నీళ్లు చల్లితే సరిపోదు. వేడెక్కిన భాగాన్ని తవ్వి తీసి, పరిచి, చల్లార్చి, మళ్లీ తొక్కించాలి.

[దృశ్యం: మిల్లు అడ్డుకోత బొమ్మ]

బంకర్ అంటే మిల్లు పైనుండే బొగ్గు తొట్టి. అందులోంచి బొగ్గు మిల్లులోకి దిగుతుంది. అక్కడ ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నలుగుతుంది. వేడి గాలి దాన్ని ఆరబెట్టి, ఎత్తుకుని బర్నర్లకు తీసుకెళ్తుంది. ఈ మిల్లులో వచ్చే చిక్కు కొంచెం వివరంగా చెప్పాలి. వానకు తడిసిన బొగ్గు బంకర్ మూతి దగ్గర అంటుకుని దిగదు. మిల్లులోకి బొగ్గు తగ్గుతుంది, వేడి గాలి మాత్రం వస్తూనే ఉంటుంది. ఆరబెట్టడానికి తడి లేక మిల్లు బయటికి పంపే గాలి ఉష్ణోగ్రత గబగబా ఎక్కుతుంది. లోపల మిగిలిన పొడి అంటుకుంటుంది. కంట్రోల్ రూమ్‌లో ఆ ఉష్ణోగ్రత చూపే ముల్లు పైకి పోతుంటే వెంటనే వేడి గాలి తగ్గించి చల్లగాలి తెరవాలి, అవసరమైతే లోపలికి ఆవిరి వదలాలి. మిల్లు తలుపు తెరిచి చూడటం మాత్రం చేయకూడదు. గాలి తగిలితే ఆ పొడి పేలుతుంది.

[దృశ్యం: బాయిలర్ హాల్, పైకప్పు దూలాల నుంచి వేలాడే బాయిలర్]

బాయిలర్ నేల మీద కూర్చుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పైనున్న ఉక్కు దూలాల నుంచి వేలాడుతుంది. నీళ్లు పారే గొట్టాలతో కట్టిన దాని గోడ వేడెక్కితే కిందికి సాగుతుంది. కింద ఖాళీ లేకపోతే గొట్టాలు వంగి చీలిపోతాయి. లోపల తయారయ్యే ఆవిరి దాదాపు 160 బార్ ఒత్తిడి (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 160 రెట్లు), 566 డిగ్రీల వేడి. అది టర్బైన్‌ను నిమిషానికి 3,000 చుట్లు తిప్పుతుంది.

వంద పాళ్ల వేడిలో కరెంటుగా మారేది దాదాపు 38 పాళ్లే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం, టర్బైన్ దాటిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్‌ను చల్లబరిచే నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లను చల్లార్చడానికే కూలింగ్ టవర్లు. వాటి నోటి నుంచి వచ్చేది పొగ కాదు, నీటి ఆవిరి. పొగ పోయేది పక్కనున్న 199 మీటర్ల చిమ్నీ గుండా.

[దృశ్యం: ఫెర్రీబ్రిడ్జ్, 1965 నాటి నలుపు తెలుపు ఫొటోలు]

2024 ఆగస్టులో పాల్వంచలో కేటీపీఎస్ పాత టవర్లు ఎనిమిదింటిని కూల్చినప్పటి వీడియోలు చూసినవాళ్లకు ఆ గోడలు ఎంత పలచనో గుర్తుండే ఉంటుంది. యార్క్‌షైర్‌లోని ఫెర్రీబ్రిడ్జ్‌లో 1965 నవంబరు 1న బొగ్గు కేంద్రం టవర్లను ఎవరూ కూల్చలేదు, గాలికి అవే కూలాయి. దాదాపు 115 మీటర్ల ఎత్తున్న ఎనిమిదింటిలో మూడు టవర్లు ఒక్క గంటలోపే నేలమట్టమయ్యాయి. మిగిలిన అయిదూ పగుళ్లిచ్చాయి.

లెక్క ఎక్కడ తప్పిందో ఒక ఉదాహరణతో చూద్దాం. గాలి కొట్టే వైపు గోడను గాలి పైకి లాగుతుంది, గోడ సొంత బరువు కిందికి నొక్కుతుంది. గాలి లాగుడు 100 అనుకోండి, బరువు నొక్కుడు 80. కాంక్రీటు గోడలోని ఇనుప కడ్డీ మీద పడే భారం 20. ఇప్పుడు గాలి లాగుడు 20 శాతం పెరిగింది. లాగుడు 120, బరువు అదే 80. కడ్డీ మీద భారం 40, అంటే రెట్టింపు. డిజైన్ చేసినవాళ్లు నిమిషం సగటు గాలి వేగం తీసుకున్నారు, క్షణాల్లో వచ్చే ఈదురుగాలి అంతకంటే చాలా ఎక్కువ. పైగా ముందు వరుస టవర్ల మధ్య నుంచి దూరిన గాలి సుడులు తిరిగి వెనక వరుసను కొట్టింది. కూలినవి ఆ వెనక వరుసవే. ఆ తర్వాత టవర్ల గోడలు మందం చేసి, కడ్డీ రెండు పొరలు వేయడం మొదలైంది.

[దృశ్యం: గంధకం తొలగించే టవర్, పిచికారీ అయ్యే సున్నపురాయి నీళ్లు]

ఇక కేంద్రాలు మూతపడిన సంగతి. మొదటి దెబ్బ గంధకం మీద పడింది. యూరప్ నిబంధన కేంద్రాల ముందు రెండు దారులు పెట్టింది. ఒకటి, పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టే ప్లాంటు కట్టడం. సున్నపురాయి పొడి కలిపిన నీళ్లను పొగ మీద చల్లితే జిప్సం వస్తుంది, అది గోడల బోర్డులకు పోతుంది. రెండో దారి, ప్లాంటు కట్టకుండా 2008 జనవరి నుంచి 2015 చివరిదాకా మొత్తం 20,000 గంటలే నడిచి మూసేయడం. 20,000 గంటలంటే నిరంతరాయంగా నడిపితే రెండేళ్ల మూడు నెలలు. ఆ గంటలు చిమ్నీకి లెక్క. ఒక యూనిట్ నడిచినా గంట పోతుంది, నాలుగు నడిచినా అదే గంట పోతుంది. కాబట్టి నడిపితే అన్నీ కలిపి నడపడమే లాభం. అలా కింగ్స్‌నార్త్ 2012 డిసెంబరులోనే, డిడ్‌కాట్ ఏ, కాకెన్‌జీ 2013 మార్చిలో ఆగిపోయాయి.

రెండో దెబ్బ కార్బన్ ధర. బ్రిటన్ 2013 ఏప్రిల్‌లో సొంత పన్ను మొదలుపెట్టి, 2015 ఏప్రిల్ నుంచి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 18 పౌండ్లు చేసింది. ఒక మెగావాట్ గంటకు బొగ్గు కేంద్రం సుమారు 0.9 టన్ను వదులుతుంది, గ్యాస్ కేంద్రం 0.4 లోపే. అంటే బొగ్గు మీద 16 పౌండ్లు, గ్యాస్ మీద 7. ఆ 9 పౌండ్ల తేడా చాలు, రోజూ కరెంటు అమ్మే వేలంలో గ్యాస్ ముందుకొచ్చింది, బొగ్గు వెనక్కి పోయింది. 2016 మార్చిలో స్కాట్లండ్‌లోని లాంగానెట్, అదే నెలలో ఫెర్రీబ్రిడ్జ్ మూతపడ్డాయి. డ్రాక్స్ తన ఆరు యూనిట్లలో నాలుగింటిని కలప గుళికలకు మార్చుకుంది. 2017 ఏప్రిల్ 21న దేశం మొత్తం ఒక పూర్తి రోజు బొగ్గు లేకుండా గడిచింది.

[దృశ్యం: స్టీమ్ హెడర్ పగులు, దగ్గరి నుంచి]

మిగిలిన కేంద్రాలకు ఇంకో కష్టం. నెలల తరబడి ఆగకుండా నడవడానికి తయారైన యూనిట్లను చలికాలం సాయంత్రాలకు మాత్రమే వెలిగించాల్సి వచ్చింది. ఆవిరి హెడర్ అంటే చిన్న ఆవిరి గొట్టాలన్నీ వచ్చి కలిసే పెద్ద గొట్టం. దాని గోడ మందంగా ఉంటుంది. వేడి ఆవిరి తగలగానే లోపలి పక్క సాగుతుంది, బయటి పక్క ఇంకా చల్లగానే ఉంటుంది. ఇలా వందలసార్లు అయితే గొట్టం రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు మొదలవుతాయి. తొందరపడి వెలిగిస్తే పగుళ్లు పెరుగుతాయి, నిదానంగా వెలిగిస్తే వేడెక్కేదాకా బర్నర్లు తాగే ఆయిల్ ఖర్చు పెరుగుతుంది. రెండు వైపులా నష్టమే.

[దృశ్యం: టర్బైన్ హాల్, నెమ్మదిగా తిరుగుతున్న షాఫ్ట్]

2024 జూన్ చివర్లో రాట్‌క్లిఫ్‌కు వచ్చిన ఆఖరి రైలు తెచ్చింది సుమారు 1,650 టన్నులు. ఒక యూనిట్‌కు ఎనిమిది గంటల తిండి.

యూనిట్ ఆపాక కూడా మనుషులు వెంటనే ఇంటికి వెళ్లలేరు. టర్బైన్ షాఫ్ట్ వేడి మీద ఆగిపోతే పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి విల్లులా వంగుతుంది. కాబట్టి బారింగ్ గేర్ అనే మోటారుతో దాన్ని మెల్లగా తిప్పుతూనే ఉండాలి, లోహం చల్లారేదాకా, రోజుల తరబడి. జనరేటర్ లోపల చల్లదనానికి నింపిన హైడ్రోజన్ ఉంటుంది. దాని మీదికి నేరుగా గాలి వదలకూడదు. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య హైడ్రోజన్ ఉంటే నిప్పురవ్వ చాలు పేలడానికి. ముందు కార్బన్ డయాక్సైడ్ పంపి హైడ్రోజన్‌ను బయటికి తోస్తారు, మీటరు చూసి నిర్ధారించుకుంటారు, ఆ తర్వాతే గాలి. అప్పుడు జనరేటర్ మూత విప్పుతారు.