సినిమా హాలు గుమ్మం ఎటు తెరవాలి?

అందరికీ నమస్కారం.

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలున్న మన బే ఏరియా ఊళ్లలో డౌన్‌టౌన్ గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అనే మాట ఉంది: "ఒక మంచి థియేటర్ వస్తే చాలు, ఊరు మళ్లీ కళకళలాడుతుంది." తెలుగువాళ్లం ఈ మాట ఇట్టే నమ్ముతాం. నమ్మడానికి మనకు కారణాలున్నాయి. విశాఖలో జగదాంబ థియేటర్ పేరే ఆ సెంటర్‌కు పేరైపోయింది. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ అంటే ఇప్పుడు బిర్యానీయే గుర్తొస్తుంది గానీ, ఆ పేరు అక్కడున్న సినిమా హాలుది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. హాలు పడితే దాని చుట్టూ టిఫిన్ బండి, సోడా కొట్టు, ఆటోలు వాటంతటవే చేరతాయని చిన్నప్పటి నుంచీ చూశాం.

అమెరికాలో అలా చేరవు. ఇక్కడ జనం సినిమాకు కార్లో వస్తారు, కార్లో పోతారు. ఆ కారుకూ సీటుకూ మధ్య వాళ్లు ఎక్కడ నడుస్తారన్నదే అసలు విషయం. పెద్ద పార్కింగ్ మైదానం మధ్యలో హాలు కడితే ఆ నడకంతా తారు మీదే అయిపోతుంది. అదే నడక వీధిలో పడితే, దారిలో ఉన్న ప్రతి కొట్టుకూ ఒక అవకాశం దొరుకుతుంది. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

దగ్గర్లోనే మంచి ఉదాహరణ ఉంది, రెడ్‌వుడ్ సిటీ. పాత కోర్టు భవనం, 1929 నాటి ఫాక్స్ థియేటర్, కాల్‌ట్రెయిన్ రైలు స్టేషన్, అన్నీ నడిచేంత దూరంలోనే ఉన్నాయి. అయినా ఒకప్పుడు సాయంత్రమైతే ఆ వీధుల్లో మనిషి కనిపించేవాడు కాదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని డెడ్‌వుడ్ సిటీ అని వెక్కిరించేవారు. నగర పాలక సంస్థ డౌన్‌టౌన్ నడిబొడ్డున, బ్రాడ్‌వే వీధి మీదే, 20 తెరల సినిమా హాలు తెచ్చింది. అది 2006లో మొదలైంది. దాని కట్టడం గమనించండి. కార్లు నేల కింద, తెరలు మేడ మీద, రోడ్డు మట్టంలో దుకాణాలు, హోటళ్లు. ఎదురుగా కోర్టు భవనానికి అడ్డంగా 1939లో కట్టిన అనుబంధ భవనాన్ని కూలగొట్టి, ఆ చోటును అందరూ కూర్చునే చౌక్‌గా మార్చారు. వేసవిలో అక్కడ ఉచితంగా కచేరీలు, సినిమాలు పెడతారు. టికెట్ కొనని వాళ్లకు కూడా అక్కడికి రావడానికి ఒక పని దొరికింది.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది హాలు కన్నా పార్కింగ్ చట్టం. చాలామంది దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేస్తారు, నేను మాత్రం సగం విజయం ఇక్కడే ఉందంటాను. హాలు తెరవడానికి ముందే, 2005లో, ఆ నగరం పార్కింగ్ మీటర్ల పద్ధతి మారుస్తూ చట్టం చేసింది. యూసీఎల్‌ఏ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన సూత్రం ఇది: వీధిలో సుమారు 85 శాతం జాగాలు నిండి, ఒకటో రెండో ఖాళీగా ఉండేలా ధర పెట్టాలి. గిరాకీ ఉన్న నడివీధిలో ఎక్కువ, దూరం జరిగేకొద్దీ తక్కువ. దాంతోపాటు ఇన్ని గంటలకు మించి బండి ఉంచకూడదన్న పరిమితి తీసేశారు. మన సినిమా ఒక్కోసారి మూడు గంటలు ఉంటుంది కదా. రెండు గంటల పార్కింగ్ ఉన్న వీధిలో సినిమా చూసి, తర్వాత నింపాదిగా భోజనం చేయడం ఎలా కుదురుతుంది? పార్కింగ్ జరిమానా పడుతుందేమోనన్న టెన్షన్ ఉన్నవాడు హోటల్‌లో కూర్చోడు. ఇంకో మంచి పని, మీటర్ల మీద వచ్చిన డబ్బును డౌన్‌టౌన్ బాగుకే వాడాలని రాసుకున్నారు.

తర్వాత 2011లో డౌన్‌టౌన్‌కు ప్రత్యేక ప్రణాళిక తెచ్చి, 2,500 వరకు ఇళ్లకు, కొత్త ఆఫీసులకు వీలు కల్పించారు. ఈ రోజు అక్కడ కనిపించే సందడిలో పెద్ద వాటా ఆ ఇళ్లదీ ఆఫీసులదీ. సినిమా హాలు మొదటి జనాన్ని తెచ్చింది, ఊరు వాళ్లను నిలబెట్టుకుంది.

దక్షిణాన, లాస్ ఏంజిలెస్ పక్కనున్న శాంటా మోనికా మరో దారి పట్టింది. 1980ల్లో ఆ నగరం కొత్త థియేటర్లు డౌన్‌టౌన్‌లోనే రావాలని నిబంధన పెట్టింది. 1989లో అక్కడి థర్డ్ స్ట్రీట్ ప్రొమెనేడ్ అనే, కార్లు రాని నడక వీధి కొత్త రూపంలో తెరుచుకున్నాక అక్కడ సాయంత్రాలు జనంతో నిండిపోయాయి. ఇలాంటి నిబంధనకు పెద్ద ఖర్చేమీ ఉండదు. ఫ్రీవే పక్కన ఇంకో మల్టీప్లెక్స్‌కు అనుమతి ఇస్తూ, డౌన్‌టౌన్‌లో హాలు బతకాలని కోరుకోవడం నా దృష్టిలో ఊరిని మోసం చేయడమే.

కానీ కాలం మారింది. ఉత్తర అమెరికా బాక్సాఫీస్ 2019లో సుమారు 1,140 కోట్ల డాలర్లు, 2024లో సుమారు 870 కోట్లు. కోవిడ్ తర్వాత శాంటా మోనికాలోని ఆర్క్‌లైట్ లాంటి మంచి హాళ్లే మళ్లీ తెరుచుకోలేదు. రెడ్‌వుడ్ సిటీ రోజుల్లో డౌన్‌టౌన్ల కోసం ఖర్చు పెట్టిన రీడెవలప్‌మెంట్ ఏజెన్సీలను కాలిఫోర్నియా 2012లో రద్దు చేసింది. అందుకని ఈ రోజు 20 తెరల కల కనడం నాకు ఇష్టం లేదు. ఆరో ఎనిమిదో తెరలు చాలు. కిటికీలు లేని గోడలు, ఏటవాలు నేలలు ఉన్న భవనాన్ని మరో పనికి మార్చడం మహా కష్టం. హాలు మూతపడితే ఆ భవనం ఏమవుతుందో, ఎవరి ఖర్చుతో మారుస్తారో ఒప్పందంలో ముందే రాయించుకోవాలి.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. హాళ్లకు సోమవారం నుంచి గురువారం దాకా కరువు రోజులు. మన సినిమాల ప్రీమియర్లు తరచుగా బుధ, గురువారాల సాయంత్రాలే పడతాయి, పెద్ద హీరో సినిమా అయితే సీటు దొరకదు. వారం మధ్యలో ఇంతమందిని, పిల్లాపాపలతో సహా, తీసుకొచ్చే ప్రేక్షకులు ఇక్కడ అరుదు. కానీ సినిమా వదిలాక మనం ఎక్కడ కబుర్లు చెప్పుకుంటున్నాం? పార్కింగ్ లాట్‌లో, కారుకు ఆనుకుని. ఆ అరగంట ఒక టీ కొట్టు ముందు గడిస్తే ఆ వీధికి ఎంత తేడా వస్తుందో ఊహించండి. ఈ మాట మన నగర పాలకులకు మనం తప్ప ఎవరూ చెప్పరు.

చెప్పే చోటు కూడా ఉంది. కాలిఫోర్నియాలో స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలనే బ్రౌన్ యాక్ట్ ప్రకారం సిటీ కౌన్సిల్, ప్లానింగ్ కమిషన్ మామూలు సమావేశాల ఎజెండాను కనీసం 72 గంటల ముందు బయట పెట్టాలి. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, పౌరసత్వం అడగరు. మీ ఊళ్లో థియేటర్ ప్రతిపాదన వచ్చిన రోజు వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. గుమ్మం వీధివైపు ఉందా? కింది అంతస్తులో కొట్లకు చోటు ఉందా? సినిమా చూసి, భోజనం చేసేంతసేపు కారు ఉంచనిస్తారా? జవాబులు రికార్డులోకి ఎక్కేదాకా కూర్చోకండి.