మధ్యది ఎటు చూస్తోంది?

శ్రోతలకు నమస్కారం. పిల్లల నడకకూ చదువుకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడదాం. సమయం తక్కువ కాబట్టి ఒక్క ప్రయోగం గురించే చెబుతాను. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం.

అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో చార్లెస్ హిల్‌మన్ బృందం చేసింది, 2009లో అచ్చయింది. తొమ్మిది, పదేళ్ల పిల్లలు 20 మంది. ఒకరోజు 20 నిమిషాలు ఊరికే కూర్చున్నారు. ఇంకోరోజు అదే 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిచారు. పరుగు కాదండీ, నడకే. గుండె దడ నెమ్మదించాక పరీక్ష పెట్టారు.

తెర మీద వరుసగా ఐదు గుర్తులు కనబడతాయి. మధ్యది ఎటు చూస్తోందో చెప్పాలి, అంతే. చిక్కల్లా పక్కనున్న నాలుగూ ఒక్కోసారి దానికి ఎదురు తిరిగి ఉంటాయి. కన్ను వాటివైపే లాగుతుంది. లాగినా పోకూడదు. తరగతిలో పిల్లాడు రోజంతా చేసే పని కూడా ఇదే కదా! పక్కవాడు గిల్లుతున్నా, బయట కుక్క మొరుగుతున్నా, మధ్యదాన్నే చూడాలి.

కూర్చున్న రోజుకన్నా నడిచిన రోజు తప్పులు తగ్గాయి. తలకు అమర్చిన తీగల్లో, ధ్యాస పెట్టినప్పుడు మెదడులో లేచే విద్యుత్ తరంగం మరింత పెద్దదిగా కనబడింది. చదివి అర్థం చేసుకునే పరీక్షలోనూ మార్కులు పెరిగాయి. లెక్కల్లో మాత్రం అలాంటి తేడా రాలేదు. అందుకే దీన్ని మంత్రం అనను.

అది ఒక్కపూట ఫలితం. దమ్ము ఎక్కువగా ఉన్న పిల్లల మెదడులో, జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ అనే భాగం కాస్త పెద్దదిగా ఉందని 2010లో ఇంకో అధ్యయనం చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలంటుంది.

మరి మనమేం చేస్తాం? "లెక్కలు పూర్తయ్యేదాకా ఆట లేదు" అంటాం. చిన్నప్పుడు నన్నూ అలాగే కూర్చోబెట్టారు. కిటికీలోంచి ఆట చూశాను. లెక్కలూ కాలేదు, ఆటా కాలేదు.

కాబట్టి ఒక్క మార్పు చేసి చూడండి. ముందు నడక, తర్వాత హోంవర్క్. ముందు నడక. ట్రెడ్‌మిల్ అక్కర్లేదు. పిల్లలతో మీరూ నడవండి. కబుర్లు చెప్పుకోగలగాలి, పాట ఎత్తుకుంటే మాత్రం ఊపిరి చాలకూడదు. ఆ వేగం సరిపోతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లిచ్చి, కాసేపు కూర్చోనిచ్చి, అప్పుడు పుస్తకం తీయమనండి.