గవర్నమెంట్ ఆసుపత్రి పరిశ్రమేనా? (పాడ్‌కాస్ట్ ట్రాన్‌స్క్రిప్ట్)

హోస్ట్: మేడమ్, సూటిగా అడిగేస్తా. గవర్నమెంట్ ఆసుపత్రి చట్టం దృష్టిలో పరిశ్రమ ఎలా అవుతుందండీ? సరుకు తయారవదు, లాభమూ రాదు.

లాయర్: పెద్ద పెద్ద జడ్జిలకే ఆ డౌట్ వచ్చింది బాబూ. బొంబాయి జేజే ఆసుపత్రుల్లో ఇద్దరు వార్డు సర్వెంట్లను 1954లో పరిహారం ఇవ్వకుండా తీసేశారు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25ఎఫ్ సెక్షన్ ప్రకారం, ఏడాది సర్వీసు ఉన్నవాణ్ణి పని తగ్గిందని తీసేయాలంటే నెల ముందు నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి, దాంతోపాటు సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం లెక్కన పరిహారం. అయితే ఇదంతా రావాలంటే ముందు ఆసుపత్రి పరిశ్రమ అని తేలాలి. 1960లో సుప్రీంకోర్టు అవునంది.

హోస్ట్: అక్కడితో అయిపోయిందిగా?

లాయర్: ఎక్కడ! 1970లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కేసులో ఆరుగురు జడ్జిలు కూర్చుని కాదన్నారు. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసు, ఏడుగురు జడ్జిలు. పని ఒక పద్ధతిగా జరగాలి, యజమానీ ఉద్యోగీ కలిసి చేయాలి, జనానికి కావలసిన వస్తువో సేవో అందాలి, ఈ మూడూ ఉంటే పరిశ్రమే, లాభంతో సంబంధం లేదని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. సఫ్దర్‌జంగ్ తీర్పు కొట్టుకుపోయింది.

హోస్ట్: ప్రభుత్వం ఊరుకుందా మరి?

లాయర్: ఊరుకోలేదు. 1982లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆసుపత్రులు, డిస్పెన్సరీలు పరిశ్రమ కావని రాసేసింది. తమాషా ఏంటంటే, ఆ నిర్వచనాన్ని ఎప్పుడూ అమల్లోకి తేలేదు! ఈ ఉద్యోగులు గోడు చెప్పుకోవడానికి వేరే ఏర్పాటు చేయలేదు కాబట్టి ఆపామన్నారు. నన్నడిగితే ఆపడమే మంచిదైంది.

హోస్ట్: ఇప్పుడు కొత్త లేబర్ కోడ్ వచ్చింది కదా.

లాయర్: ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్, 2020ది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. అందులో ఛారిటీ, సమాజ సేవ చేసే సంస్థలు నడిపేవాటినీ, ప్రభుత్వ సార్వభౌమ విధులనూ, అంటే ప్రభుత్వం మాత్రమే చేయగల పనులనూ, పరిశ్రమ కిందికి రాకుండా పక్కన పెట్టారు. గమనించావా, 1982లో లాగా ఆసుపత్రులు అని పేరుపెట్టి తీసేయలేదు. కాబట్టి ట్రస్టు ఆసుపత్రులు మాది ఛారిటీ అని వాదించుకోవచ్చు. కానీ గవర్నమెంట్ ఆసుపత్రిలో జ్వరానికి మందివ్వడం, పోలీసూ మిలిటరీ లాగా సార్వభౌమ విధి ఎట్లా అవుతుంది? అదే వైద్యం పక్క వీధిలో ప్రైవేటువాడూ చేస్తున్నాడు కదా.

హోస్ట్: అంటే ఉద్యోగం తీసేస్తే డాక్టర్లు కూడా ఈ కేసులు వేయొచ్చా?

లాయర్: అది వేరే ప్రశ్న. సంస్థ పరిశ్రమ అయినంత మాత్రాన అందులో పనిచేసేవాళ్లంతా చట్టం చెప్పే కార్మికులు అయిపోరు. ఏం పని చేస్తున్నాడో చూస్తారు. వార్డు బాయ్‌కీ స్వీపర్‌కీ ఇబ్బంది ఉండదు, డాక్టర్ దగ్గరే పేచీ వస్తుంది.

హోస్ట్: మన దగ్గర శానిటేషన్, సెక్యూరిటీ అంతా అవుట్‌సోర్సింగే కదా మేడమ్.

లాయర్: అక్కడే మనవాళ్లు ఇరుక్కుంటారు. తీసేస్తే ఆసుపత్రి ఏజెన్సీ మీదికీ, ఏజెన్సీ ఆసుపత్రి మీదికీ తోస్తాయి. ఆసుపత్రి పరిశ్రమా కాదా అనేదాకా వెళ్లకముందే, యజమాని ఎవరన్న దాని మీద ఏళ్లకేళ్లు గడిచిపోతాయి. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు అడిగేది, డ్యూటీ ఎవరు వేసేవారు, హాజరు ఎవరి రిజిస్టర్‌లో పడేది, పీఎఫ్ ఎవరి పేరు మీద కట్టారు, ఆ కాగితాలేమైనా ఉన్నాయా అని.